ఎడమ చెవిలో పదాలు

జనవరి 6

ఈ రోజు ఫోన్లో మూడు యాప్‌లు ఎక్కించుకున్నాను. పదాలకు ఒకటి, లెక్కలకు ఒకటి, మాదిరి పరీక్షలకు ఒకటి. పీజీ ప్రవేశ పరీక్ష ఏప్రిల్లో. వినికిడి శాస్త్రంలో సీటు వస్తే బాగుపడతాను. ఇప్పుడు నా పని అద్దానికి ఇవతల కూర్చుని, అవతల బూత్‌లో ఉన్నవాళ్ళ చెవుల్లోకి సన్నటి కూతలు పంపడం. వాళ్ళకు ఎందుకు వినపడటం లేదో చెప్పే పని మాత్రం నాది కాదు. "టెక్నీషియన్‌గానే ముసలిదానివైపోతావా ఏంటమ్మాయ్?" అని మా క్లినిక్కు డాక్టరమ్మ ఎప్పటినుంచో అంటూనే ఉంది.

ఆయనకు చెప్పాను. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ మాటైనా లిఫ్టు దగ్గరికే తెస్తాడు. "చదువు. మధ్యలో ఆగిపోతే కంగారుపడి తలుపులు బాదకు. ఎవరో ఒకరొచ్చి తీస్తారులే" అన్నాడు.

పదాల యాప్ మారుపేరు అడిగింది. ఈ వయసులో మళ్ళీ చదువు కాబట్టి "ఆలస్యం" అని పెట్టుకున్నాను. అందులో పదాలు పలికే ఆడగొంతుకు నేనే ఒక పేరు పెట్టాను, పదాలమ్మ అని. నీళ్ళ అడుగు నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది ఆవిడ గొంతు. అదీ బాగానే ఉంది.

జనవరి 11

లెక్క: రెండు గొట్టాలు తొట్టిని నింపుతుంటే మూడో గొట్టం ఖాళీ చేస్తూ ఉంటుంది. ఎంతసేపటికి నిండుతుంది?

అసలు ఒకపక్క నింపుతూ ఒకపక్క ఖాళీ చేసే మనిషి ఎవరు? బస్సులో కళ్ళు మూసుకుంటే కనిపించింది. తొట్టి గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసింది. ఏ గొట్టమూ కట్టేయాలన్న తొందర లేదు. నీళ్ళు ఆమె మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి, పెరగవు, తరగవు. నేనూ పక్కన కూర్చున్నాను. చల్లగా ఉంది. ఎవరూ ఏమీ అడగడం లేదు.

కళ్ళు తెరిచేసరికి నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కండక్టరు గొంతు చించుకుని అరిచాడట. ధ్యాస ఒకచోట ఉంటే చెవి ఇంకోచోట ఎలా ఉంటుంది?

జనవరి 14

ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి. ఎడమది బొత్తిగా పలకడం లేదు. కొత్తవి కొన్నాను.

జనవరి 15

కొత్తవీ అంతే. ఈ రోజుల్లో ఏ వస్తువూ గట్టిది కాదు.

జనవరి 20

యాప్ నాకొక తోడు చదువరిని జతచేసింది. మారుపేరు "ఆవులింత". వేరే ఊరు. చంటిబిడ్డ తల్లి. ఒళ్ళో బిడ్డకు పాలిస్తూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని చదువుతుందట. మధ్యాహ్నం నా భోజనం వేళకు ఫోన్ చేసి ఒకరినొకరం పదాలు అడగాలని ఒప్పందం.

"అదేం పేరు?" అన్నాను.

"ఇది పుట్టినప్పటినుంచి నేను చేస్తున్న పని అదొక్కటే అక్కా. ఆవులింతకి అన్న ఉన్నాడు కానీ తుమ్ముకి తమ్ముడు లేడంటారు చూడు, నాకు అన్న లేడు, నువ్వు దొరికావు" అంది.

ముఖం కూడా చూడలేదు, అప్పుడే అక్కనైపోయాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. కుడిచెవి వేడెక్కింది. రేపటినుంచి స్పీకర్లో పెట్టుకోవాలి.

జనవరి 27

చదువుకు మంచి చోటు కనిపెట్టాను. అత్తయ్య కుట్టుమిషను పక్కన.

మేము పడుకునే గది నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ అక్కడ పదాలమ్మ గొంతు మసకగా ఉంటుంది. మిషను టకటకలాడుతున్నచోట కూర్చుంటే ఒక్కో పదమూ కడిగిన గ్లాసులా వినిపిస్తుంది. బస్సులోనూ అంతే. వింతే మరి.

అత్తయ్య ఉబ్బితబ్బిబ్బయిపోయింది. "కోడలు నా పక్క వదలట్లేదు చూశావా" అని పక్కింటావిడతో చెప్పింది. నాకోసమని జాకెట్టు కుట్టడం అయిపోయాక కూడా ఊరికే ఖాళీ గుడ్డ మీద మిషను తొక్కింది.

రణగొణధ్వనిలో బాగా వినపడటానికి మా పనిలో ఒక పేరుంది. ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరి 2

కలలో పిన్ని వచ్చింది. అమ్మ చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. నా వయసుకే చెవులు మందగించాయి. ఇంట్లో ఎవరేం చెప్పినా చివర్లో "చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు" అని తగిలించేవాళ్ళు. చుట్టాలు వస్తే పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయేది. పోనుపోను చుట్టాలు రాకముందే వెళ్ళిపోయేది.

కలలో చాలా పెద్ద హాలు. వరసగా బల్లలు. పిన్ని ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి కాగితం పెడుతోంది. నా దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. ఊపిరి వెచ్చగా తగిలింది, మాట తగల్లేదు. నేను మాత్రం అర్థమైనట్టు తల ఊపాను.

మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ హాల్లోనే ఉన్నాను.

ఫిబ్రవరి 5

పొద్దున రోగులు రాకముందు పరీక్ష మిషను హెడ్‌ఫోన్లు నేనే తగిలించుకుని విని చూడటం రోజూ పని. కుడి బాగుంది, ఎడమ బాగుంది అని టిక్కు పెట్టాలి. పెట్టాను.

మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. ఊరికే ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి నుదుటి మీద పెట్టుకున్నాను. తేనెటీగలా మోగింది. ఎడమవైపే ఎక్కువ మోగింది. కాబట్టి ఎడమ చెవి కుడిదానికంటే బాగున్నట్టే.

ఫిబ్రవరి 13

ఆవులింత: "ఫ్రూగల్."

నేను: "బాకా. ఊదేది."

 పగలబడి నవ్వింది. "అక్కా, అది బ్యూగల్! నేనడిగింది ఫ్రూగల్, పొదుపరి అని. నిన్నకూడా ఒకటి అడిగితే ఇంకోదానికి చెప్పావు. తెలిసినవన్నీ తప్పు చెబుతావేంటి?"

"సిగ్నల్ లేదు ఇక్కడ."

"నాకు నీ ఊపిరితో సహా వినిపిస్తోందే!"

పని ఉందని పెట్టేశాను. అర్థాలన్నీ నాకు వచ్చు. కంటితో చూస్తే ఒక్కటీ తప్పను.

ఫిబ్రవరి 18

ఆయనతో మాటా మాటా వచ్చింది. ఏమంత పెద్ద విషయం కాదు.

"ఈ మధ్య ఎందుకంత గుసగుసగా మాట్లాడతావు? పక్కనున్న నాకే వినపడదు."

"నేను మామూలుగానే మాట్లాడుతున్నాను. మీ చెవులు లిఫ్టుల హోరుకు పోయాయి. రేపు క్లినిక్కుకు రండి, చూస్తాను."

"నాకా?" అన్నాడు. "రాత్రి భోజనం దగ్గర నా ప్రమోషన్ సంగతి చెప్పాను. ఊఁ అన్నావు. ఏం చెప్పానో చెప్పు."

పరీక్ష దగ్గరికొస్తోంది, తల నిండా పదాలు ఉన్నాయి అన్నాను. ఆయన చేతులు కడుక్కుని లేచాడు. ప్రమోషన్ వచ్చిందో రాలేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఇప్పుడడిగితే బాగుండదు.

ఫిబ్రవరి 24

మాదిరి పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. యాప్‌ తెర మీద రంగు కాగితాలు రాల్చింది. చప్పుడు లేకుండా, మెత్తగా, చాలాసేపు రాలాయి.

మార్చి 3

సిటీ బస్సు నడిపే ఆవిడ వచ్చింది. ఉద్యోగంలో ఏడాదికోసారి చేయించుకోవాల్సిన పరీక్ష. పొడుగ్గా ఉంది, బూత్‌లోకి తల వంచి వెళ్ళింది. "ఏటా ఇదే బూత్, ఏటా పాసే" అంది.

ఈసారి ఎడమ చెవి బాగా తక్కువ చూపించింది. రెండోసారి చేశాను. అంతే. నేను నిర్ణయాలు చెప్పకూడదు, డాక్టరమ్మ చెబుతుంది. కానీ ఆవిడ నా ముఖం చూసి కనిపెట్టేసింది.

"బస్సు ఇవ్వరా?"

"డాక్టరుగారు చూస్తారండీ."

"నాకు బాగానే వినపడుతోందమ్మా" అంది. అలా అనేవాళ్ళను రోజూ చూస్తాను. పాపం అనిపించింది.

మార్చి 6

డాక్టరమ్మ ఈ వారం గ్రాఫులన్నీ బల్ల మీద పరిచింది. గడియారాలు బాగుచేసే ఆయన, బస్సు నడిపే ఆవిడ, బ్యాంకులో పనిచేసే అబ్బాయి, ఇంకా కొందరు.

"ఏంటమ్మాయ్, ఈ వారం ఊళ్ళో అందరికీ ఎడమ చెవేనా?"

హెడ్‌ఫోన్లు తీసి ఎడమదాన్ని చెవికి పెట్టుకుంది. వైరు అటూ ఇటూ వంచింది. మొదట్లోనే లోపల తెగిపోయి, ఒక పోగు మీద వేలాడుతోంది. చప్పుడు సగానికి సగం పడిపోయింది. పొద్దున విన్న మనిషికి ఇట్టే తెలిసిపోవాలి.

"ఇవాళ పొద్దున్నే తెగిందేమో మేడమ్" అన్నాను.

"సోమవారం నుంచీ గ్రాఫులు ఇలాగే ఉన్నాయిగా." నా వైపు చూడలేదు. "సర్లే, వస్తువన్నాక పాడవుతుంది. కొత్తది తెప్పిద్దాం. వీళ్ళందర్నీ మళ్ళీ పిలువు. ఆ బస్సావిడను డ్యూటీలోంచి ఆపేశారట, ముందు ఆవిడకి చెయ్."

తప్పు వైరు మీదికి వెళ్ళిపోయింది. ఎవరూ నన్నేమీ అడగలేదు.

మార్చి 7

ఎవరూ ఏమీ అడగలేదు.

మార్చి 8

ఆవులింత ఫోన్. పది పదాలు అడిగింది. నాలుగింటికి నోరు తెరవలేదు. అవి పెదాలు కదపకుండా పలికినట్టున్నాయి. అటువైపు బిడ్డ ఏడుస్తోందట. నాకది దూరంగా ఎవరో గుడ్డ చింపుతున్నట్టుంది.

"అక్కా, ఒకటి అడగనా? కోపం తెచ్చుకోకు. నువ్వు వినట్లేదా, వినపడట్లేదా?"

నేను రోజూ అద్దం ఇవతల నుంచి అందరినీ అడిగే ప్రశ్న. వాళ్ళు గతుక్కుమనడం చూస్తూనే ఉంటాను.

"వినపడట్లేదు" అన్నాను.

అంతే, ఆ తర్వాత ఆగలేదు. ఎవరో ముఖం తెలియని పిల్లకు అంతా చెప్పాను. ఇయర్‌ఫోన్ల సంగతి, కుట్టుమిషను సంగతి, పిన్ని సంగతి. ట్యూనింగ్ ఫోర్కు సంగతి కూడా. చెవి రంధ్రానికీ లోపలి నరానికీ మధ్య దారి మూసుకుపోతే, నుదుటి మీద పెట్టిన ఫోర్కు ఆ పాడైన చెవిలోనే గట్టిగా మోగుతుంది. అది మా పనిలో మొదటి పాఠం. ఆ రోజు ఇక్కడ రాసిన మాట అబద్ధం. నాకు నేనే రాసుకున్న అబద్ధం. పొద్దున టిక్కులూ అంతే. ఎడమవైపు కూత వినపడకపోయినా, మిషను మీద దీపం వెలిగితే చాలని పెట్టేశాను.

 చివర్లో ఆవులింత అంది, "ఆ బస్సావిడకి చెప్పావా?"

"హెడ్‌ఫోన్ పాడైందని చెప్పాం."

"అది నిజమేగా."

"నిజమే."

"మరి ఏడుస్తున్నావెందుకు?"

మార్చి 10

పొద్దున రోగులు రాకముందే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. వైరు తెగిందని నాకు తెలియకపోవడానికి కారణం నా చెవి, అది తెలిసీ దాచాను అని.

ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. "ఒకావిడకు బువ్వ పెట్టే ఉద్యోగం మీదికి తెచ్చావు" అంది. "నీకు సెలవు కావాలంటే ఇచ్చేదాన్ని. వైద్యం కావాలంటే చేసేదాన్ని. చీకటి గదిలో నల్ల పిల్లిని వెతకమని నన్నెందుకు వదిలేశావు?"

ఆవిడ లేచి తలుపు తీసింది.

"పద, బూత్‌లోకి."

ఎన్నో ఏళ్ళుగా ఆ తలుపు నేనే మూస్తున్నాను. లోపలివైపు నుంచి మూసుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. గోడలకు మెత్తటి పలకలు, ఒక కుర్చీ, చేతిలో మీట. స్పీకర్లో ఆవిడ గొంతు, నేను రోజూ చెప్పే మాటలే: "కూత వినపడగానే నొక్కు. ఎంత చిన్నగా ఉన్నా నొక్కు. ఊహించి మాత్రం నొక్కకు."

ముందు కుడిచెవి. దూరపు పిట్టలు ఒక్కోటే వచ్చి వాలాయి. నొక్కాను.

తర్వాత ఎడమ. కొత్త హెడ్‌ఫోన్లు ఇంకా రాలేదు కాబట్టి, బాగున్న కుడిదాన్నే తిప్పి ఎడమ చెవికి పెట్టుకున్నాను.

మొదట ఏమీ లేదు. అద్దంలోంచి ఆవిడ చెయ్యి కనిపిస్తోంది. చెయ్యి కదులుతోంది. అంటే కూత వస్తోంది. నాకు రావడం లేదు. ఇంకాస్త పెంచింది. ఆ చెయ్యి కదలిక నాకు బాగా తెలుసు, మిషనును ఎన్నో గుర్తు మీద పెట్టిందో కూడా చెప్పగలను. ఊహించి నొక్కేయొచ్చు. వేలు మీట మీదే ఉంది.

కళ్ళు మూసుకున్నాను.

మంచు కురుస్తున్న మైదానంలా ఉంది లోపల. తెల్లగా, అంతు లేకుండా. భయం వేయలేదు, అది నిజంగా విచిత్రం. ఇన్ని నెలలూ ఆ మైదానం అంచున నిలబడి అటు చూడకుండా ఉన్నాను. ఇప్పుడు లోపలికి నడిచాను, అంతే. చాలా దూరం నడిచాక, ఎక్కడో ఒక సన్నటి కూత. అప్పుడు నొక్కాను.

బయటికొచ్చాక గ్రాఫు చూపించింది. ఎడమది బాగా కింద ఉంది. చెవి లోపల మూడు బుల్లి ఎముకల్లో చివరిది, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు, అది కదలకుండా బిగుసుకుంటోంది. కుటుంబాల్లో వస్తుంది. ఆపరేషన్ ఉంది, చాలామందికి నయమవుతుంది. కొద్దిమందికి ఉన్నది కూడా పోతుంది. ఇప్పటికి చెవి మిషను పెట్టుకోవచ్చు.

"ఈ చదువు ఇక నాకెందుకు మేడమ్?" అన్నాను.

"తలనొప్పి వచ్చిన డాక్టరు తలనొప్పికి మందు రాయకూడదా? పరీక్ష రాయి. పొద్దున మిషను వినే పని మాత్రం రేపటినుంచి నర్సుది."

మార్చి 11

ఇంట్లో చెప్పాను.

అత్తయ్య కుట్టుమిషను ఆపేసింది. ముందు నమ్మలేదు. నమ్మాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత దగ్గరికొచ్చి నా ఎడమ చెవిని పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది, అందులో ఏదో ఇరుక్కుందేమోనన్నట్టు. "నీకు వినపడదని తెలిస్తే ఇన్నాళ్ళూ నిన్ను అంత మెల్లగా తిట్టేదాన్నా!" అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆయన నవ్వలేదు. "ఆ ఫోన్లో అమ్మాయికి ఎప్పుడు చెప్పావు?" అన్నాడు.

"శనివారం."

"నాకు మంగళవారం."

చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు.

మార్చి 14

బస్సు నడిపే ఆవిడకు మళ్ళీ పరీక్ష. కొత్త హెడ్‌ఫోన్లు. రెండు చెవులూ అచ్చం పోయినేడులాగే ఉన్నాయి. డాక్టరమ్మ వెంటనే ఉద్యోగంవాళ్ళకు ఫోన్ చేసింది.

ఆవిడ సంచి సర్దుకుంటుంటే వెళ్ళి చెప్పాను. వైరు ఒక్కటే కాదండీ, నా తప్పు కూడా ఉంది అని, ఉన్నదున్నట్టు.

ఆవిడ కుర్చీలో మళ్ళీ కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని ఏం చేశానో తెలుసా? చేతి గడియారం ఈ చెవికి పెట్టుకోవడం, ఆ చెవికి పెట్టుకోవడం. వినపడుతోందా, వినపడుతోందనుకుంటున్నానా అని. పిచ్చెక్కింది."

"క్షమించండి" అన్నాను.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా?"

"కాదు."

"అందుకే తిట్టడానికి నోరు రావట్లేదు. రాకపోవడం ఇంకా మంటగా ఉంది." లేచింది. గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగి ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. గొంతు పెంచి చెప్పింది: "నా బస్సు ఎక్కితే ముందు సీట్లో కూర్చో. స్టాపు నేను చెబుతాను."

గడియారాల ఆయన మాత్రం గోల చేశాడు. "మా ఆవిడ మాట వినపడనట్టు ఉండటానికి మీరే కాగితం ఇచ్చారు, మీరే లాక్కుంటారా?" అని.

మార్చి 22

చెవి మిషను పెట్టుకున్నాను. ఇలాంటివి ఎంతమందికి తగిలించానో! "మొదట్లో చప్పుళ్ళన్నీ మీద పడతాయి, అలవాటవుతుంది" అని చెప్పేదాన్ని. నిజంగానే పడ్డాయి. కొళాయి, పేపరు, నా సొంత చెప్పులు. పదాలమ్మ నీళ్ళలోంచి గట్టుకొచ్చింది. గట్టుమీద ఆవిడ గొంతు కొంచెం కీచుగా ఉంది. ఏం చెప్పను, నీళ్ళలోనే అందంగా ఉండేది.

ఆయన అవసరమైనంత మాట్లాడుతున్నాడు. ప్రమోషన్ వచ్చిందట. అత్తయ్య చెప్పింది.

ఏప్రిల్ 2

ఆవులింత ఈ ఏడు పరీక్ష రాయదట. బిడ్డకు జ్వరాలు. "వచ్చే ఏడు రాస్తా, నీ పేరు నాకిచ్చేయ్ అక్కా" అంది. ఇచ్చేశాను. ఇప్పుడు ఆమె ఆలస్యం. నేను కొత్త పేరు ఇంకా పెట్టుకోలేదు.

ఏప్రిల్ 12

పరీక్ష రాశాను.

గుమ్మం దగ్గర తనిఖీ చేసే ఆయన నా చెవి చూపించి ఇదేంటన్నాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం సంచిలోనే ఉంది. తీయబోయి ఆగాను. లోపల వినాల్సినదేమీ లేదు. "నాకు ఎడమ చెవి వినపడదండీ, ఇది దానికి" అని చెప్పి, మిషను తీసి డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చాను.

హాల్లో కొందరు కీబోర్డుల చప్పుడుకు చెవులు మూసుకుంటున్నారు. నేను గోడవైపు కుడిచెవి పెట్టి కూర్చున్నాను. పదాలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికి వచ్చాయి, ఎవరూ పలకకుండానే. ఒక లెక్కలో పడవ ఏటికి ఎదురెళ్ళింది. కాసేపు నేనూ ఎక్కాను. ఏరు వెడల్పుగా ఉంది. తెడ్డు నీళ్ళలో మునిగి తేలుతోంది, చప్పుడు లేదు. దిగి వచ్చి జవాబు రాశాను. టైము కొంచెమే మిగిలింది.

మార్కులు అక్కడే తెర మీద చూపించారు. పదాల్లో చాలా బాగా వచ్చాయి. లెక్కల్లో పడవ దిగడం ఆలస్యమైంది కాబోలు. నేననుకున్న కాలేజీకి అంచు మీద ఉన్నాను. రావచ్చు, రాకపోవచ్చు.

బయటికొస్తే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వస్తానని చెప్పలేదు. పని బట్టల్లోనే ఉన్నాడు, మోచేతికి గ్రీజు. మార్కులు చెప్పాను. తల ఊపాడు. సాయంకాలపు ఎండ పలచగా ఉంది. బస్సుకు వెళ్ళకుండా నడవడం మొదలుపెట్టాం. గుమ్మం దగ్గర తిరిగి తీసుకున్న చెవి మిషను డబ్బా నా సంచిలోనే ఉంది, పెట్టుకోవాలనిపించలేదు. 

ఒక మలుపు దగ్గర ఆయన పెదవులు కదిలాయి.

"ఏంటి? నాకు వినపడలేదు" అన్నాను.

ఆయన ఆగాడు. నా వెనకనుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు.

"ఆకలేస్తోందా అని అడిగాను."

"బాగా" అన్నాను.

ఇంటిదాకా అటువైపే నడిచాడు.